పడుకున్న మడులు

జమ్ముగడ్డి పెరిగే మా నేలలో పుట్టి ఎనిమిదో తరగతి గట్టెక్కినవాళ్ళలో మొదటివాణ్ణి నేను. కాలవల ఆఫీసులో నీటిమట్టం చూసి రాసే గుమాస్తాగా ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేశాను. ఆ ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్కరోజు కూడా నా అంకె తప్పలేదని పై అధికారే రాసిచ్చాడు. ఆ కాగితం ఇప్పటికీ మా గోడ మీదుంది. జమ్ము కోతగాళ్ళ సంఘం నేను పెట్టిందే. పిల్లల్ని బడికి చేర్చే దోనె నా అర్జీతో వచ్చిందే. పేపర్లో నా ఫొటో రెండుసార్లు పడింది, రెండోసారి పేరు కూడా సరిగ్గా వేశారు. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను రాయబోయేది నా గురించి కాదు, మా వదిన గురించి. ఆమెకి సంతకం రాదు. అయినా, దేశదేశాలవాళ్ళు కూడి పెట్టుకున్న ఒక పెద్ద పుస్తకంలో మా నేలకున్న పేజీ ఆమె మూలంగా మారింది. ఆ పేజీని మొదట చెడగొట్టినవాణ్ణి నేను.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆమె మా అన్నయ్య పెళ్ళాంగా ఇంటికొచ్చింది. కొత్తకోడలు దోనెలో తలొంచుకుని కూర్చుని వస్తుందని రేవులో జనమంతా ఎదురుచూస్తుంటే, ఈమె దోనెవాడి చేతిలోంచి గెడ లాక్కుని, నిలబడి తోసుకుంటూ వచ్చింది. “ఆయన తోస్తే ఇవాళ చేరేవాళ్ళం కాదు” అని గట్టు మీదివాళ్ళకి సంజాయిషీ కూడా ఇచ్చింది. ఆ రోజే ఆమెకి గెడ అని పేరు పడిపోయింది. మా అమ్మ మాత్రం నవ్వలేదు. అమ్మది ఎడమచేతి వాటం. ఆమె దెబ్బ ఎటునుంచి వస్తుందో మాకెవరికీ ముందుగా తెలిసేది కాదు. కోడలి చేతిలో గెడని ఎగాదిగా చూసి, “దీంతో తోయడమే వచ్చా, దీన్ని చదవడం కూడా వచ్చా?” అని అడిగింది.

గెడని చదవడం మా అమ్మే నేర్పింది. నల్లమట్టిలోకి నిలువునా దించాలి, మెల్లగా లాగాలి, కొసకి అంటుకున్న మట్టిని వేళ్ళతో నలిపి ముక్కు దగ్గర పెట్టుకోవాలి. “నేల దాహంగా ఉంది” అనేవాళ్ళు అత్తాకోడళ్ళు, లేకపోతే “నిండుగా ఉంది” అనేవాళ్ళు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి నా స్కేలు మీద మట్టం బ్రహ్మాండంగా ఉంటే, వదిన మాత్రం నేల దాహంగా ఉందని వాదించింది. ఆఫీసు అంకె చూపించి నోరు మూయించాను. పన్నెండు రోజులకి మట్టం జానెడు పడిపోయింది. నా స్కేలు పైన ఎన్ని నీళ్ళున్నాయో చెప్పేది, ఆమె గెడ కింద నేల ఎంత తాగిందో చెప్పేది. అంత తేడా ఉందని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

అన్నయ్య నలభై రెండేళ్ళకే పోయాడు. ఇద్దరాడపిల్లలు. చూడ్డానికొచ్చినవాళ్ళు ఇంకా లేచి వెళ్ళకముందే వదిన కొడవలి తీసుకుని బయల్దేరింది. “జమ్ముకి తెలీదుగా ఆయన పోయాడని” అంది. ఆ ఏడు అన్నయ్య వాటా, తన వాటా రెండూ తనే కోసింది. పిల్లలిద్దరినీ పెంచి పెద్దచేసింది. చిన్నదాన్ని పదో తరగతి దాకా చదివించింది. మా నేల మీద ఏ ఇంటి గెడకి అనుమానమొచ్చినా ఆమె ముక్కు దగ్గరికే తెచ్చేవారు. డెబ్బై దాటినా దోనె మీద నిలబడే వెళుతుంది, కూర్చోదు.

ఇక మా నేల సంగతి. జమ్ము పెరిగి, ఒరిగి, నీళ్ళలో నాని, వందల ఏళ్ళుగా పొర మీద పొర పేరుకుంటే వచ్చిన నల్లమట్టి మాది. తడిగా ఉన్నంతకాలం తల్లిలాంటిది. ఎండిందంటే కిందనుంచి రాజుకుంటుంది. మంట కనపడదు, పొగ మాత్రం నెలల తరబడి లేస్తుంది. అందుకే మా పెద్దలొక కట్టుబాటు పెట్టారు. ఇంటికి మూడు మడులు. ఒక ఏడు ఒక మడి కోయాలి, మిగతా రెండూ పడుకోవాలి. పడుకోవడమనే మాట మాదే; బయటివాళ్ళు బీడు అంటారు. కోసే మడికి దోనె ఆగే మూలలో ఒక గుంజ పాతుతారు. ఏడు తిరగ్గానే ఆ గుంజ పీకి పక్క మడికి మారుస్తారు. గుంజ లేని మడిలో ఎవరూ కాలు పెట్టకూడదు, సొంతవాళ్ళయినా సరే. లేత పిలకలు తొక్కుడుపడతాయి. పీకిన గుంటని అలాగే వదిలేస్తే అందులోంచి గాలి దిగి నల్లమట్టి ఆరిపోతుంది. అందుకని ఇంటి పెద్దావిడ ఏటి గట్టునుంచి తెల్లబంకమట్టి తెచ్చి, పిడికిట్లో పిసికి ముద్ద చేసి, మోచెయ్యి లోతున దిగ్గొట్టి గుంట మూసేస్తుంది. మళ్ళీ వంతు వచ్చినప్పుడు ఆ మూలలోనే కాస్త పక్కన పాతుతారు. ఇదంతా ఎవరూ ఎవరికీ చెప్పేది కాదు. మూసేసిన గుంటలో చూపించడానికేముంది?

ఎనిమిదేళ్ళ కిందట పై ఆఫీసునుంచి కబురొచ్చింది. ప్రపంచం వేడెక్కిపోతోందని, మా నల్లమట్టిలాంటి తడినేలలు కార్బన్‌ని తమలో దాచుకుని గాలిలోకి పోనివ్వవని, అందుకని దేశాలన్నీ కలిసి అలాంటి నేలల పేర్లు ఒక పుస్తకంలోకి ఎక్కిస్తున్నాయని సారాంశం. పుస్తకంలోకి ఎక్కిన నేలని ఎవరూ పాడుచెయ్యకూడదు. అయితే తరతరాలుగా అక్కడ బతికేవాళ్ళ హక్కులకి భంగం రాకూడదు. వాళ్ళ వాడకం ఎంతో ముందే రాసుకుని, వాళ్ళ ఒప్పుదల తీసుకోవాలి. మంచి మాటే. ఇప్పటికీ మంచి మాటేనంటాను. సభ పెట్టి చదివి వినిపించింది నేనే.

పటం గీయడానికి ఒక ఇంజనీరు వచ్చాడు. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, మెడలో ఉపగ్రహంతో మాట్లాడే యంత్రం, మర్యాదస్తుడు. “మీరు వాడుకునే నేలకి ఆనవాళ్ళు చూపించండి. ఉన్నది ఉన్నట్టు రాసుకుంటాను” అన్నాడు. ఉన్నది ఉన్నట్టు రాయడంలో నన్ను మించినవాడు లేడు గదా. మూడు రోజులు దోనెలో తిప్పి గుంజ గుంజకీ తీసుకెళ్ళాను. మా వాళ్ళు కూడా ఎవరి గుంజ దగ్గర వాళ్ళు కొత్త బట్టలేసుకుని నిలబడ్డారు. ఇంజనీరు పడుకున్న మడి వైపు అడుగెయ్యబోతే ప్రతి ఇంటివాళ్ళూ ఒకటే కేకలు: “అటెళ్ళకండి బాబూ, అక్కడేం లేదు!” పిలకల మీద కాలు పడుతుందని వాళ్ళ భయం. ఏమీ లేదని అతను రాసుకున్నాడు. నేనూ విన్నాను, నాకేం తప్పనిపించలేదు. చివర్న కాగితం మీద సంఘ కార్యదర్శిగా సంతకం పెట్టాను. “ఇంత శుభ్రమైన లెక్క నేనెక్కడా చూడలేదండీ” అన్నాడు ఇంజనీరు. ఆ మాట వదిన చెవిన వెయ్యకుండా ఉండలేక తిన్నగా ఆవిడ ఇంటికే వెళ్ళాను.

ఆమె గుమ్మంలో కూర్చుని కొడవలి నూరుతోంది.

“గుంజలన్నీ చూపించేశాను వదినా. నలభై ఒక్క ఇళ్ళు, నలభై ఒక్క గుంజలు. ఒకటెక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు.”

“పడుకున్నవో?”

“అవెందుకు? వాడుకునేవి చూపించమన్నారు.”

కొడవలి రాతి మీద ఆగింది. “నువ్వు రాత్రి పడుకున్నప్పుడు బతికున్నట్టా, పోయినట్టా మరిదీ?”

“నీకు ప్రతిదీ ఎకసెక్కమే. కాగితాల సంగతి నీకేం తెలుస్తుంది?”

“నాకు తెలీదనే నిన్ను చదివించారు” అంది, మళ్ళీ నూరుకుంటూ.

ఏడాది తిరక్కుండానే పటం అచ్చయి వచ్చింది. నలభై ఒక్క మడులకి ఆకుపచ్చ రంగు: కోతకి అనుమతి ఉన్న నేల. మిగతా ఎనభై రెండింటికీ బూడిదరంగు: వాడకంలో లేని సహజ నేల, ప్రవేశం లేదు. చుట్టూ ఎర్ర జెండాలు కట్టిన తీగ లాగారు. గుంజలు కదపకూడదన్నారు, ఎందుకంటే పటంలో వాటి చోటు ఖాయమైపోయింది. మా వాళ్ళు రెండో ఏడూ అదే మడి కోశారు. మూడో ఏడు కోయబోతే జమ్ము నడుం దాకా కూడా లేవలేదు. చాపకి పనికిరాదు, కప్పుకి పనికిరాదు. తీగ అవతల మాత్రం కోత లేక జమ్ము మనిషెత్తు దాటి, ఎండి, ఒకదాని మీదొకటి విరిగిపడి, నీటి దారులన్నీ పూడ్చేసింది.

ఒక మధ్యాహ్నం వదిన నన్ను దోనెక్కించుకుని తీగ పక్కదాకా తీసుకెళ్ళింది. గెడని తీగ మీదుగా అవతల నేలలోకి దించింది, లాగింది, ఆ కొసని తెచ్చి నా చెంపకి ఆనించింది. గోరువెచ్చగా ఉంది.

“జ్వరం ఎవరికంటావు, నీకా, దానికా?”

నేను చెంప తుడుచుకున్నాను.

“ఇంకో రెండేళ్ళిలాగే ఉంటే కింద రాజుకుంటుంది. మన కూడు పోవడం ఒకెత్తు. ఆ దాచుకున్న కార్బనో ఏదో, దాన్ని కాపాడటానికే గదా తీగ కట్టింది? అంతా పొగైపోతుంది. వాళ్ళ పనీ చెడుతుంది, మన పనీ చెడుతుంది. చెప్పవేం వాళ్ళకి?”

చెప్పాను. పదకొండు అర్జీలు రాశాను, ఒక్కోటి ఒక్కో తీరున. ఊరి ఆఫీసు జిల్లా మీదికి, జిల్లా రాజధాని మీదికి తోసేశాయి. చివరికి తేలిందేమిటంటే, ఆ పుస్తకం మీద అధికారం దేశాల కమిటీది. ఆ ఏడు జరిగే మహాసభ అయిన మూడు నెలలకి పుస్తకం మూసేస్తారు. మూస్తే పదేళ్ళదాకా తెరవరు. పదకొండో అర్జీకి జవాబొచ్చింది: ఇద్దరు రావచ్చు, ఏడు నిమిషాలు మాట్లాడవచ్చు. ఒకరు సంఘ కార్యదర్శి, రెండోవారు “నేల తెలిసినవారు” ఉండాలట. నేల తెలిసినవారంటే మా దగ్గర రెండో పేరు లేదు.

మహాసభ జరిగిన ఊరి గురించి ఎంతైనా రాయవచ్చు. అంత పెద్ద సభకి మా నేల నుంచి వెళ్ళిన మొదటివాణ్ణి నేనే. అద్దాల తలుపులు మనుషుల్ని చూసి వాటంతటవే తెరుచుకుంటాయి. వదిన గెడ లేకుండా రానని మొండికేసి అంత దూరం మోసుకొచ్చింది. వాకిట్లో కాపలావాళ్ళు అది ఆయుధమో కాదో తేల్చుకోలేక గొడుగులు పెట్టే కుండీలో నిలబెట్టి చీటీ ఇచ్చారు. “గొడుగనుకుని ఎవరైనా పట్టుకుపోతారేమో చూడు” అని వదిన రెండుసార్లు వెనక్కి తిరిగింది.

మా వంతు వచ్చేదాకా ఒక పొడవాటి వసారాలో కూర్చోబెట్టారు. అటూ ఇటూ మాలాంటివాళ్ళే. గడ్డి కొండల మీద ఏటా చిన్న చిన్న మంటలు తామే పెట్టి పెద్ద మంట రాకుండా కాసేవాళ్ళు ఒకరు. వాళ్ళని నిప్పు పెట్టేవాళ్ళ కింద రాసుకున్నారట. చేపలు గుడ్లు పెట్టే నెలలో వలలు మడిచేసేవాళ్ళు ఇంకొకరు. ఆ నెల వలలు కనపడలేదు కాబట్టి ఆ నీళ్ళతో వాళ్ళకి పనిలేదని తేల్చారట. దుబాసీ ద్వారా వాళ్ళ కథలు వింటుంటే నాకొక సంగతి తెలిసొచ్చింది. ఆ పుస్తకంలో మనిషి చేసిన పని రాయడానికి గడి ఉంది. చెయ్యకుండా ఆగిన పని రాయడానికి గడి లేదు.

నేను నా ఉపన్యాసం వల్లెవేసుకుంటున్నాను. వదిన కూర్చోలేక గోడలకి అంటించిన పెద్ద పెద్ద బొమ్మలు చూస్తూ నడుస్తోంది. ఒక బొమ్మ ముందు ఆగిపోయింది.

“మరిదీ, ఇది మన మట్టి.”

వెళ్ళి చదివాను. నిజంగానే మా నేలదే. మట్టి శాస్త్రం చదివిన ఒక డాక్టరు నేలలోకి ఇనప గొట్టం దించి, నిలువునా తీసిన మట్టి కడ్డీని రెండుగా చీల్చి ఫొటో తీసి పెట్టాడు. నల్లటి కడ్డీలో పైనుంచి కిందికి అక్కడక్కడ తెల్లని మచ్చలు.

“ఆ తెల్లవి ఏమిటని రాశారు?”

“పాత వరదలు మోసుకొచ్చిన ఒండ్రు అట.”

ఆమె పెద్దగా నవ్వింది. వసారాలో అందరూ తిరిగి చూశారు. “వరదకి వేళ్ళుంటాయేమిట్రా?”

“ష్, పిలుస్తున్నారు, పద” అని లాక్కుపోయాను.

గుండ్రటి బల్ల వెనక అయిదుగురు కూర్చున్నారు. మధ్యలో అధ్యక్షురాలు, చదువుకున్న మొహం, అలసిన కళ్ళు. గోడ మీద ఎర్ర అంకెల గడియారం ఏడునుంచి వెనక్కి నడుస్తోంది. చెవిలో పెట్టుకోవడానికి గొట్టాలిచ్చారు. అద్దాల గదిలో ఎవరో కూర్చుని మన భాషలో చెబుతుంటారు. నేను లేచాను. మా నేల చరిత్ర, సంఘం చరిత్ర, నా ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసు చెప్పి అసలు విషయానికి వచ్చేసరికి నాలుగున్నర నిమిషాలు పోయాయి.

అధ్యక్షురాలు చెయ్యెత్తింది. “మీ ఇబ్బంది అర్థమైంది. కానీ మా ముందున్న కాగితంలో వాడకం ఆనవాళ్ళు నలభై ఒకటి అని ఉంది. సంతకం మీదే. మిగతా నేల మీ వాడకంలో ఉందనడానికి ఏదైనా ఆధారం చూపించగలరా? మాట కాదు, ఆధారం.”

కాగితాలు తిరగేశాను. పదకొండు అర్జీలూ మాటలే. గడియారంలో రెండు నిమిషాలు కూడా లేవు.

వదిన నా చొక్కా పట్టుకుని లాగింది. “కూర్చో మరిదీ, ఇక చాలు.” తను లేచి, “బయట గోడకి మా మట్టి బొమ్మ ఉంది. అది తెప్పించండమ్మా” అంది.

వెనక వరసలోంచి ఆ మట్టి డాక్టరే లేచాడు. బొమ్మని తెర మీదికి తెప్పించాడు. వదిన నడిచి వెళ్ళి తెరకి ఆనుకుని నిలబడింది, ఆమె నీడ సగం బొమ్మ మీద పడింది. పై మచ్చకి కాస్త దిగువనున్న మచ్చ మీద పిడికిలి ఆనించింది.

“ఇది మా అత్తగారిది. నాలుగు వేళ్ళ నొక్కులు ఇటున్నాయి, బొటనవేలు అటుంది, చూడండి. ఆవిడ ఎడమచేతి మనిషి. ఆ చేతి గుర్తులు నా వీపుకి తెలుసు. దీని కిందది ఆవిడ అత్తగారిది. ఆవిణ్ణి నేను చూళ్ళేదు, చెయ్యి మాత్రం పెద్దదే. పైది నాది.” అని తన కుడి పిడికిలి మూసి చూపించింది. “గుంజ పీకినప్పుడల్లా ఒక ముద్ద. గుంజ పీకితే మడి పడుకున్నట్టు. ఇన్ని ముద్దలంటే ఇన్నిసార్లు పడుకోబెట్టామని. పడుకోబెట్టినవాళ్ళం మేమే గదమ్మా, తనంతట తనే పడుకోదుగా?”

గంట మోగింది. అధ్యక్షురాలు దాన్ని ఆపమని సైగ చేసింది.

డాక్టరు తెర దగ్గరికొచ్చి చాలాసేపు చూశాడు. “వరద ఒండ్రయితే పొరలా పరుచుకోవాలి. ఇవి ముద్దలుగా ఎందుకున్నాయో నాకు అంతుపట్టలేదు. చివరికి వరదనే రాసేశాను” అని, వదిన వైపు తిరిగి, “అంత పెద్ద నేలలో మా గొట్టం సరిగ్గా మీ ముద్దల మీదే ఎలా దిగిందమ్మా?” అన్నాడు.

“గొట్టం నిలబెట్టే మీ ముక్కాలి పీట ఎక్కడ పెట్టినా దిగబడి ఉంటుంది. దిగబడకుండా నిలిచిన చోట పని చేసుకుని ఉంటారు. అవునా?”

“అవును.”

“అది మా దోనె రేవు మూల. ఆ ముద్దల వల్లే గట్టిగా ఉంటుంది.”

డాక్టరు నవ్వాడు. కమిటీలో చివర కూర్చున్న కళ్ళజోడాయన మాత్రం నవ్వలేదు. ఒకచోట దొరికినంత మాత్రాన ఎనభై రెండు మడులకీ రుజువు కాదన్నాడు. ఆయన మాటలో న్యాయం ఉంది.

“పది చోట్ల నేను చూపిస్తా, తవ్వుకోండి” అంది వదిన. “నల్లమట్టి అబద్ధం చెప్పదు.”

అయిదుగురూ తలలు దగ్గర పెట్టుకున్నారు. ఆ తర్వాత అధ్యక్షురాలు చెప్పింది నా చెవి గొట్టంలో వినపడింది. తనిఖీకి పంపుతారు. అయితే పాత కాగితం అమల్లో ఉండగా పంపడానికి వీల్లేదు. సంతకం పెట్టిన మనిషే అది తప్పని రాసిచ్చి వెనక్కి తీసుకోవాలి. అలా తీసుకున్న మనిషి ఇకముందు తన జనం తరఫున ఏ కాగితం మీదా సంతకం పెట్టడానికి అర్హుడు కాడు. అది వాళ్ళ నియమం. వదిన చెవి దురదపెడుతోందని గొట్టం ఎప్పుడో తీసేసింది. ఆమెకి తెలియదు.

కలం తీసుకున్నాను. తప్పు ఏమిటో వివరించమని ఒక గీత ఖాళీ ఉంది. ‘గుంజల లెక్క సరైనదే. గుంజ లేని చోటు చూడలేదు’ అని రాసి సంతకం పెట్టాను. అది నా చివరి అధికార సంతకం. ఎప్పట్లాగే గుండ్రంగా, తప్పు లేకుండా వచ్చింది.

రైల్లో తిరిగొస్తుంటే వదిన నా చొక్కా జేబు వంక చూసింది. సంఘం వాళ్ళు చేయించిన కార్యదర్శి బిళ్ళ అక్కడ లేదు.

“బిళ్ళేదీ?”

విషయం చెప్పాను. ఆమె కిటికీలోంచి బయటికి చూసింది.

“మంచిదేలే” అంది. “జేబు బరువు తగ్గింది. ఈ ఏడు మోపులు మొయ్యి.”

అయిదు వారాలకి తనిఖీవాళ్ళు వచ్చారు. డాక్టరు, పటం ఇంజనీరు, కళ్ళజోడాయన. వదిన దోనె మీద నిలబడి దారి చూపిస్తుంటే, తీగ తీయించి పది మూలల్లో గొట్టం దించారు. తొమ్మిది చోట్ల తెల్ల ముద్దలు వచ్చాయి, ఒకదాని కింద ఒకటి. ఒకచోట ఏడు. కళ్ళజోడాయన ఒక ముద్దని అరచేతిలో పెట్టుకుని దాని నొక్కుల్లో తన వేళ్ళు పెట్టి చూసుకున్నాడు. పదో చోట అడుగున పాతవి రెండున్నాయి, పైన ఏమీ లేదు. కడ్డీ పైభాగం నల్లగా కూడా లేదు, గోధుమరంగుకి తిరిగి పొడిపొడిగా రాలుతోంది. ఆయన కలం అక్కడ ఆగింది.

“ఇది ఎవరి మడి?”

వదిన నీళ్ళ వైపు చూస్తోంది. మా వాళ్ళలో అందరికీ తెలుసు.

“నాది” అన్నాను. అమ్మ పోయాక మా ఇంట్లో ఆ పని చేసేవాళ్ళు లేరు. నేను ఆఫీసుకి పోయేవాణ్ణి, మడి కోతకి వేరేవాళ్ళకిచ్చేవాణ్ణి. వాళ్ళు గుంజ మార్చేవాళ్ళు, గుంట మూయడం ఇంటివాళ్ళ పని అని వదిలేసేవాళ్ళు. మూశారా అని నేను ఏనాడూ అడగలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు నీళ్ళ లెక్క రాసినవాణ్ణి, నా మడి ఎండిపోతుంటే చూసుకోలేదు.

డాక్టరు ఆ పొడిమట్టిని ఒక డబ్బాలో వేసి, పక్క మడి తడిమట్టిని ఇంకో డబ్బాలో వేసి, రెండింటినీ కళ్ళజోడాయన ముందు పెట్టాడు. “ముద్ద ఉన్నచోటికీ లేనిచోటికీ తేడా ఇది. నేనింతకాలం వెతుకుతున్నది ఇదే” అన్నాడు. కళ్ళజోడాయన పది చోట్లూ సరే అని రాసుకున్నాడు.

వాళ్ళు వెళ్ళాక వదిన నా పక్కకొచ్చింది. “ఎవరిదో తెలీదంటే ఏం పోయేది? ఎలాగూ తొమ్మిది వచ్చాయిగా.”

“లెక్కలో ఉండాలి గదా వదినా.”

“ఇంత చదువూ ఇప్పటికి అక్కరకొచ్చింది” అంది. నా డెబ్బై ఏళ్ళలో నేనందుకున్న మెచ్చుకోళ్ళు చాలా ఉన్నాయి, అన్నీ చట్రాలు కట్టించాను. దీనికి చట్రం లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

పుస్తకం మూసే ముందు మా పేజీ మార్చారు. నూట ఇరవై మూడు మడులూ మావేనని, పడుకున్న మడి కూడా వాడకంలో ఉన్న మడేనని రాశారు. వసారాలో మాతో కూర్చున్నవాళ్ళకి ఏమైందో అన్నీ తెలియవు. గడ్డి కొండలవాళ్ళకి ఇంకా తేలలేదట. మాకొచ్చిన తీర్పు ప్రతిని వాళ్ళకి పంపించాం. అది అందరికీ వర్తించే నియమం కాదని కమిటీ ముందే చెప్పింది, అయినా పంపించాం. అక్కడ మా ఒక్కరి మాట నెగ్గింది. అందరి మాటకీ ఇంకా గడి గీయలేదు.

మా తీర్పుకి ఒక షరతు ఉంది. పడుకున్న మడులు నిజంగా పడుకున్నాయని, గుంటలు మూశారని ప్రతి ఏడూ ఒకరు ధ్రువీకరించి కాగితం పంపాలి. నాకు అర్హత లేదు. సంఘం కార్యదర్శి ఇప్పుడు వదిన చిన్న కూతురు. మొదటి ఏడు కాగితం పట్టుకుని తల్లి దగ్గర కూర్చుని గడి గడీ చదివి నింపుతోంది. నేను పక్కన జమ్ము మోపు దించి చెమట తుడుచుకుంటున్నాను.

“ధ్రువీకరించేవారి పేరు, నీదే రాశానమ్మా. విద్యార్హత అని ఉంది.”

“గెడ అని రాయి.”

“అలా రాయకూడదే! సరే, గీత పెట్టేస్తా. తర్వాతది, ఏ ఆధారంతో ధ్రువీకరిస్తున్నారు?”

వదిన తన కుడిచేతి వంక చూసుకుంది. గోళ్ళ సందుల్లో తెల్లబంక ఇంకా ఆరలేదు.

“చెయ్యి పెట్టి చూశానని రాయి.”

కూతురు నా వైపు చూసింది, అలా రాయవచ్చా అన్నట్టు. రాయమన్నాను. రాసింది. వదిన వేలిముద్ర వేసింది. కాగితం వెనక్కి తిరిగొస్తుందనే నేను అనుకున్నాను, జవాబు కూడా సిద్ధం చేసిపెట్టుకున్నాను. ఈ ఏడు పంపింది మూడోది. ఇంతవరకూ ఒక్కటీ తిరిగిరాలేదు.